వదిన చేతిలో గోదాం తాళం

మా వదినకు ఆన్‌లైన్ ఆట నేర్పింది నేనే. ఈ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు కాబట్టి ముందే చెబుతున్నాను. మొదటి వారమంతా ఆటలో నడవడం రాక గోడలకు గుద్దుకుంటుంటే, మా గుండీల కొట్లో బేరాలుండని మధ్యాహ్నాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను.

ఏడాది తిరక్కుండానే ఆవిడ మా జట్టుకు డిటెక్టివ్ అయి కూర్చుంది. బట్టలు కుట్టే మనిషి, కుట్టు చూసి ఎవరి చేతి పనో చెప్పేస్తుంది. ఆ కంటితోనే శత్రుజట్టు పంపిన గూఢచారులను ముగ్గురిని పట్టేసింది. జట్టులోని అరవై మందీ ఆవిడను వదినా అనే పిలుస్తారు. వాళ్లకేం వరసో నాకు తెలియదు. ఆటలో అందరూ సంపాదించిన కత్తులు, కవచాలు దాచే గోదాం తాళం నాలుగేళ్లుగా నా దగ్గరుండేది. ఓట్లు పెట్టి దాన్ని ఆవిడకిచ్చారు. మా అన్నయ్య కూడా ఆవిడకే వేశాడు. కుళ్లుకున్నాను, దాచడమెందుకు.

'పిడుగు' అని మగపేరు పెట్టుకుని, కొత్త ఖాతాతో జట్టులో చేరాను. గోదాం ఊడ్చేస్తే ఆవిడ పరువు పోతుంది, తాళం మళ్లీ నాకొస్తుంది. నెలరోజులు వదినను పొగిడాను. అదొక్కటే ప్రాణం తీసింది. చివరికి, సర్దిపెడతానంటే నమ్మి గంటసేపు తాళమిచ్చింది.

లోపల అంతా చిందరవందర. పదిహేనేళ్లుగా కొట్లో సర్దిన చేతులు ఊరుకోలేదు. రకాలు విడదీసి పెట్టెల్లో పెట్టాను, ప్రతి పెట్టె మూత మీద లోపలి సరుకులో ఒకటి నమూనాగా తగిలించాను. ఈలోగా గంట అయిపోయింది. ఒక్క కత్తి కూడా తీయలేదు.

మర్నాడు వదిన గుండీల కోసం మా కొట్టుకు వచ్చింది. పెట్టె మూతకు కుట్టిన నమూనా గుండీని వేలితో తడుముతూ, "పిడుగు బాగా సర్దాడు" అంది.

ఆ పెట్టె లాక్కుని అరలో పెట్టేశాను.

"తాళం కావాలంటే నన్నడిగితే ఇచ్చేదాన్ని కదమ్మా."

ఆ పూటే జట్టుకు రాసింది: కొత్తవాడికి తాళమివ్వడం తన తప్పని, ఆ బాధ్యత నుంచి తప్పుకుంటున్నానని. నా పేరెత్తలేదు. ఎత్తి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని.

తాళం నాకే ఇచ్చారు. గోదాంకు వచ్చిన ప్రతివాళ్లూ వదిన మళ్లీ ఎప్పుడొస్తుందని నన్నే అడుగుతున్నారు.