సాంచాలు పోతాయని తప్పించిన డయాలసిస్

ఆ ఉదయం మా ఆయన కాళ్లకు చెప్పులు పట్టలేదు. ఆయన సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే కార్మికుడు. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. పూటంతా నిలబడేవాళ్లకు కాళ్లు వాయడం మా వాడలో మామూలే.

"సాంచాల కాడ నిలవడ్డోనికి కాళ్లు ఉబ్బకుంటె పని జేసినట్టేనా?" అని నవ్వాడు.

ముఖం కూడా ఉబ్బాక, జగిత్యాలలో ఉండే మా బావగారు ఆయనను అక్కడి డాక్టర్‌కు చూపించారు. బ్లడ్ టెస్ట్, స్కానింగ్ అయ్యాయి.

"క్రియాటినిన్ బాగ పెరిగింది. రెండు కిడ్నీలు ఫెయిలైనయి. డయాలసిస్ మొదలుపెట్టాలె" అన్నాడు డాక్టర్.

"ఎన్ని దినాలు సార్?" అని అడిగాడు మా ఆయన.

"ఇది జ్వరం గోలి కాదు, తగ్గంగనే బంద్ చేసెతందుకు" అన్నాడు డాక్టర్, నెమ్మదిగానే.

సిరిసిల్లలో డయాలసిస్ ఉచితంగా దొరికింది. మందులకు, ఇంటి కిరాయికి మాత్రం ఆయన కూలే ఆధారం. డయాలసిస్ రోజు ఒళ్లు తూలేది. మరునాడే పనికి పోయేవాడు. కొలిచినట్టు నీళ్లు తాగాలి. సాంచాల వేడిలో అది ఎంత కష్టమో, పక్క గదిలో నూలు కండెలు చుట్టే నాకు తెలుసు.

ఇంతలో ఒక చీరల ఆర్డర్ తొందరగా పూర్తి చేయాల్సి వచ్చింది. మా దగ్గర మనిషి రాకపోతే అతని సాంచాలు ఇంకొకరికి ఇస్తారు. ఆ మనిషి కుదురుకుంటే అవి తిరిగి రావు.

"రేపు రాకుంటె వేరేటోన్ని పెట్టుకుంట, మల్ల నన్ను అనొద్దు" అన్నాడు సాంచాల యజమాని సేటు. ఆయన డయాలసిస్ కూడా మరునాడే.

"గీ ఒక్కసారి తప్పిస్తనే" అన్నాడు మా ఆయన నాతో.

"నీ పానం పోతె సాంచాలు నడుస్తయా?"

"ఎందుకు నడువయ్? ఇంకొగడు నడుపుతడు."

డయాలసిస్ తప్పించి పనికి పోయాడు. ఆ మరునాడు ఊపిరి అందలేదు. ఆటోలో తీసుకెళ్లాం. "లంగ్స్‌ల నీళ్లు చేరినయి. డయాలసిస్‌కు ఎందుకు రాలే?" అని డాక్టర్ అడిగాడు. డయాలసిస్ మెషిన్ పెట్టారు. గుండె తట్టుకోలేదు.

కర్మలయ్యాక ఆయన కాగితాల కోసం డయాలసిస్ సెంటర్‌కు వెళ్తే, డయాలసిస్ టెక్నీషియన్ నన్ను కూర్చోబెట్టాడు. "అక్కా, పనుందని ఒక్క మాట జెప్తె వేరే షిఫ్టుకు మార్చెటోళ్లం గద. అన్న అడుగనే లేదు."

అడగవచ్చని మాకు తోచలేదు. పనిలోనైనా, దవాఖానాలోనైనా వాళ్లు చెప్పిన వేళే వేళ అనుకున్నాం.

ఇప్పుడు కోరుట్లలో అమ్మ దగ్గరుండి బీడీలు చుడుతున్నాను. మా బిడ్డ అక్కడే బడికి పోతోంది.

డయాలసిస్, పని ఒకే వేళకు పడితే టైం మార్చమని సెంటర్‌లో అడగండి. కాదంటే మళ్లీ అడగండి. సేటు ఆ మాట అన్న రోజు మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. అందులో ఒక్క మాటైనా సెంటర్‌లో చెప్పలేదు.