మా వదిన శనివారం సినిమాలు

మా వదిన పోయిందన్న కబురు ముందు మా అమ్మాయికి అందింది. వదిన అంటే మా ఆయన అక్క. తాండూరులో ఆమె పక్కింట్లో ఉండే ముస్లిం ఆవిడ, అందరూ ఆపా అని పిలిచే ఆమె, ఫోన్ చేసింది నాకు కాదు, సొంత తమ్ముడైన మా ఆయనకూ కాదు, నా బిడ్డకు. వికారాబాద్‌లో మా వంటింట్లో నేను టీ వడపోస్తుంటే అది వచ్చి నిలబడి, "అమ్మా, అత్తమ్మ నిద్రలోనే పోయిందంట" అంది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుళ్లు. ఆఖరి కబురు కూడా దానికే చేరాలా అనిపించింది. చనిపోయిన మనిషిని తలుచుకుంటూ ఇలాంటి మాట రాయవచ్చా అని మీరు అడగవచ్చు. ఇది వదిలేసి రాస్తే మా వదిన గురించి రాసినట్టు కాదు.

ఆమె తాండూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరి, అక్కడే రిటైరైంది. భర్త చిన్న వయసులోనే పోయాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ట్రైనింగ్ కోసం హైదరాబాద్ వెళ్లి, అక్కడ ఒక ఆదివారం మార్నింగ్ షోలో ఓ ఇంగ్లీషు సినిమా చూసిందట. అప్పటికే పాతబడిన నలుపు తెలుపు బొమ్మ. వేరే గ్రహం నుంచి ఎవరో దిగుతారు, ఊరంతా బెదిరిపోతుంది. మాటలు సగమే అర్థమయ్యాయి. కానీ ఆ రోజు నుంచి ఆమెకు అలాంటి సినిమాలే సినిమాలు. టీవీలోకి ఇంటర్నెట్ వచ్చాక, మేమంతా పుట్టకముందు తీసిన బొమ్మలన్నీ వెతికి వెతికి చూసింది.

మా అమ్మాయి బడికి వెళ్లే రోజుల నుంచే శనివారం వచ్చిందంటే తాండూరు రైలెక్కేది. ఎండాకాలం నాపరాయి గచ్చు మీద నీళ్లు చల్లి, కిటికీలు మూసి, ఇద్దరూ దిండ్లు వేసుకుని పడుకునేవారు. ఎగిరే పళ్లెం తెర మీదికి రాగానే మా అమ్మాయి నవ్వేది.

"అత్తమ్మా, దానికి కట్టిన దారం కనబడుతుంది!"

"కనబడనియ్యి. దారం పట్టుకున్నోడు గూడ మనిషే గద బిడ్డా. నమ్ముండ్రి అని అంత కష్టపడి అడుగుతుంటే జర నమ్ముదం."

ఇప్పటి సినిమాలు ఆమెకు నచ్చేవి కావు. "గిప్పుడు ఊర్లకు ఊర్లు కూలగొడ్తరు, నాకు ఆవలింతలొస్తయి. గా సినిమాలల్ల తలుపు మీద ఒక్క దెబ్బ కొడ్తరు, అంతే. గా చప్పుడుకే పానం జల్లుమంటది" అనేది. ఇంకో మాట కూడా అనేది: "వచ్చినోడిని సూడకు, ఊరోళ్ల మొకాలు సూడు. రాయి ఎవరు పట్టుకుంటున్నరు, నీళ్లు ఎవరు తెస్తున్నరు. సినిమా అంత గాడనే ఉంటది."

ఈ మాటలన్నీ మా ఇంట్లో అన్నం తినేటప్పుడు మా అమ్మాయి నోట వినాల్సి వచ్చేది. నేనూ పెద్ద టీవీ కొనిపించాను. ఒక శనివారం అమ్మాయిని తాండూరు పోకుండా ఆపి, కొత్త సినిమా ఒకటి పెట్టాను. రంగులు, మంటలు, చెవులు పగిలే చప్పుడు. సగంలోనే అది నిద్రపోయింది. లేపితే, "అత్తమ్మ పక్కన లేకపోతే భయం కాదమ్మా" అంది. భయపడడానికి కూడా నేను పనికిరాలేదు.

అమ్మాయి ఇంటర్ చదువుతున్నప్పటి మాట చెప్పాలి. ఒక శనివారం కూరగాయల మార్కెట్లో దాని స్నేహితురాలి తల్లి కలిసి, "ఫికర్ చెయ్యకుండ్రి, ఫిజిక్స్ మళ్ల రాసుకోవచ్చు" అని ఓదార్చింది. అది ఫిజిక్స్ తప్పిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఫోన్ చేస్తే మా ఆయనకూ తెలియదు. వదినకు మాత్రం ముందే చెప్పుకుందని ఆ తల్లి మాటల్లోనే బయటపడింది. కూరగాయల సంచీ కూడా ఇంట్లో పెట్టకుండా మధ్యాహ్నం రైలెక్కాను.

తలుపు తోసేసరికి ఇద్దరూ సినిమా చూస్తున్నారు.

"నా బిడ్డ నాకు చెప్పని మాట నీకెట్ల చెప్పింది వదినా?" అన్నాను గుమ్మంలోంచే.

ఆమె నా వైపు తిరగలేదు. "కూసో పిల్లా. సినిమా అయినంక కొట్లాడుదం."

ఏం చేస్తాను, కూర్చున్నాను. తెర మీద ఎడారి అంచున ఒంటరిగా బతికే ఒకామె ఇల్లు. బయట ఏదో నిలబడి ఉంది. ఆమె తలుపు తీయాలా వద్దా అని చూస్తోంది. మా అమ్మాయి నాకూ వదినకూ మధ్య పడుకుని ఊపిరి బిగబట్టింది. నాకు తెలియకుండానే నేనూ బిగబట్టాను. అప్పుడు వదిన లేచి, "చాయ్ పెట్టుకొస్త" అని లోపలికి పోయింది. ఎంతసేపైనా రాలేదు.

తెర మీది ఆమె తలుపు తీసి, వచ్చినవాడికి గ్లాసులో నీళ్లు పోస్తుండగా మా అమ్మాయి తల తిప్పకుండానే మాట్లాడింది. "అమ్మా, ఫిజిక్స్ పోయింది. చెప్తే నీ మొకం ఎట్లయితదో అని భయమైంది."

నేనూ తెర వైపే చూస్తూ, "ఇప్పుడెట్లయింది?" అన్నాను.

"ఏమో, నేను చూస్తలేను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ తర్వాత వదిన చాయ్ తెచ్చింది. చల్లారిపోయి ఉంది. సాయంత్రం నన్ను సాగనంపుతూ, "మొకం సూస్కుంట చెప్పలేని మాటలు కొన్నుంటయి పిల్లా. అందుకే పక్కపక్కన కూసోబెడ్త" అంది. అంత పాత సినిమాలు ఇంకా ఎందుకు నిలిచాయో నాకు ఆ రోజు కొంత అర్థమైంది. ఒకే భయాన్ని పక్కపక్కన కూర్చుని చూసిన ఇద్దరు ఒకరికొకరు పరాయివాళ్లు కాలేరు. ఆమెకు దండం పెట్టాలనిపించింది. నా బిడ్డ మాట నాకు చేరడానికి కూడా ఆమె ఇల్లే కావలసి వచ్చిందని మండింది కూడా.

అమ్మాయి ఫిజిక్స్ గట్టెక్కింది. ఇప్పుడు వికారాబాద్‌లోనే ల్యాబ్‌లో పనిచేస్తోంది. శనివారాలు మాత్రం మానలేదు.

కర్మలన్నీ అయ్యాక తాండూరు ఇంట్లో కూర్చుని ఉంటే ఆపా, మా అమ్మాయి వాదనకు దిగారు. వదినకు ఏ సినిమా ఎక్కువ ఇష్టమని. మిగతా రోజుల్లో ఆపా కూడా వదినతో కలిసి చూసేదట. "శనివారం మాత్రం నన్ను రానియ్యకపోయేది. 'మా బిడ్డ వస్తది, నువ్వు మధ్యల మధ్యల మాట్లాడ్తవ్' అనేది. నాకు మస్తు కోపమొచ్చేది" అంది ఆపా. నాలాంటిది ఇంకొకతె ఉందని నాకు కొంచెం ఊరటగానే అనిపించింది.

ఆపా నా వైపు తిరిగింది. "మీరంటే ఆమెకు జలన్ ఉండె, ఎరుకేనా?"

"నేనంటే కుళ్లా? ఎందుకు?"

"ఆదివారం పొద్దుగూకంగ పిల్లను రైలెక్కిచ్చి వచ్చి, నా దగ్గర కూసోని అనేది. 'రెండు దినాలు నాతోనే ఉంటది ఆపా. రైలెక్కంగనే తల్లికి ఫోన్ జేసి, అమ్మా, ఏం కూర వండినవ్ అంటది. ఇగ నేను దాని కండ్లకు కనబడ' అని."

మా అమ్మాయి తల వంచుకుంది.

ఆ ఫోన్లు నాకు బాగా గుర్తు. పప్పు అనో, బెండకాయ అనో చెప్పి పెట్టేసేదాన్ని. ఇప్పుడు వదినను తలుచుకుంటే నాకు టీవీ ముందున్న మనిషి కనబడదు. తాండూరు స్టేషన్ కనబడుతుంది. రైలు మెల్లగా కదులుతోంది. కిటికీ పక్కన ఓ పిల్ల అటు తిరిగి ఫోన్లో నాతో మాట్లాడుతోంది. బయట ప్లాట్‌ఫారం మీద ఒకామె, కొంగు బొడ్లో దోపుకుని, ఆ కిటికీకి సమంగా నాలుగడుగులు నడుస్తూ చెయ్యి ఊపుతోంది.