రష్యా మాస్టారు చూసిన మంచు

మా చిన్నప్పుడు... రాజోలులో వేసవి సాయంత్రాలు పక్కింటి అరుగు మీద చేరి, తాటాకు విసనకర్రలు ఊపుకుంటూ రష్యా చలికాలం గురించి వినేవాళ్ళం. వీపు మీద చెమట కారుతూనే ఉండేది... చెవుల్లో మాత్రం మంచు కురిసేది.

చెప్పేది మాస్టారు. అమలాపురం కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు, తాతగారు వేదం చదువుకున్నవాళ్ళు. ఆ ఇంట పుట్టిన ఈయనకి రష్యా పిచ్చి ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఆ దేశపు సాహిత్యం మీద, చరిత్ర మీద పుస్తకాలు రాశారు. ఊరంతా 'రష్యా మాస్టారు' అనేవారు. రష్యా మాట అటుంచండి... ఆయన విశాఖపట్నం దాటి వెళ్ళిన మనిషి కాదు.

ఆ ఇంట్లో వంటిల్లు మామ్మగారిది, అంటే మాస్టారి భార్యది. ఆవిడ మడి కట్టుకున్నారంటే మాలో ఎవ్వరూ ఆ గడప తొక్కకూడదు. మిగతా ఇల్లంతా రష్యాయే. మంచం కింద రష్యా, ఉయ్యాలబల్ల మీద రష్యా, అటక మీద ఆవకాయ జాడీల పక్కన రష్యా. వానాకాలం ఆ పుస్తకాలకి బూజు పట్టేది. ఎండ కాసిన పూట మామ్మగారే సణుక్కుంటూ వాటిని పెరట్లో చాప మీద ఆరబెట్టేవారు.

మాకు తెలిసిన మంచంతా పొద్దున్నే గడ్డి మీద ఉండేదే. మోకాళ్ళ లోతు మంచు అని మాస్టారు చెబుతుంటే, నేను మోకాళ్ళ లోతు కొబ్బరి కోరు ఊహించుకునేదాన్ని... అందులో గుర్రాలు లాగే చక్రాల్లేని బండ్లు. ఎంత బావుండేదో!

ఒక వేసవి ఆ కథలు ఆగిపోయాయి. మాస్టారు అరుగు మీదకి రావడమే మానేశారు. కళ్ళు మసకలేస్తున్నాయి... ఉన్న చూపుతో ఆఖరి పుస్తకం పూర్తి చేసెయ్యాలని ఆయన ఆరాటం. అదేమో ఒక అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఓడిపోయిన సైన్యం ఒకటి మంచులో కాలినడకన వెనక్కి పోయే ఘట్టమట. పొద్దున్న రాయడం, సాయంత్రం చింపెయ్యడం. అన్నం సరిగ్గా తినట్లేదని మామ్మగారు గోడ దగ్గర నిలబడి మా అమ్మతో చెప్పి కళ్ళు ఒత్తుకున్నారు.

మా నాన్నగారు పలకరించడానికి వెళ్తే నేనూ వెనకాలే వెళ్ళాను. మాస్టారు చింపిన కాయితాలు పక్కకి నెట్టి మాకు చోటిచ్చారు.

"అన్నీ చదివినవే రాస్తున్నానండి. మంచులో నడిచిన ఆ సిపాయి పాదం ఏమైపోయిందో నాకు తెలీడం లేదు" అన్నారు.

నాన్నగారికి ఉపాయం అప్పుడే తట్టిందట. కానీ చెప్పడానికి నోరు రాలేదు. సఖినేటిపల్లి రేవుకి నర్సాపురం నుంచి గోదావరి దాటించే పంటు మీద ఐసు దిమ్మలు వచ్చేవి. వాటిని కర్ర సుత్తులతో చితక్కొట్టి చేపల బుట్టల్లో పోసేవారు. మంచు అంటే మన కోనసీమలో అదొక్కటే. కానీ అది చేపల ఐసాయె... నిష్ఠగల ఆ ఇంట్లో ఆ మాట ఎత్తడం ఎలా?

కొన్నాళ్ళు నానబెట్టి నానబెట్టి, ఆఖరికి నాన్నగారు వంటింటి గడపకి ఇవతలే నిలబడి, బుర్ర గోక్కుంటూ మామ్మగారికే చెప్పేశారు. ఆవిడ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఉండిపోయారు. ఇక అయిపోయింది, తిట్లే అనుకున్నాను.

"తీసుకెళ్ళండి బాబూ. వచ్చాక నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుంటారు... దానికేం" అన్నారావిడ.

మర్నాడే మాస్టారూ, నాన్నగారూ, నేనూ బస్సెక్కాం. రేవులో చేపల వాసన, గాలి, పంటు దిగే జనం. అక్కడ చేపలమ్మే ఒకావిడ మా సంగతంతా విని, ముందు నోరు నొక్కుకుని నవ్వింది. తర్వాత మాస్టారి కోసమని శుభ్రమైన గోనె పరిచి, దాని మీద ఐసు కుప్ప పోసింది. మాస్టారు చెప్పులు విప్పి, పంచె ఎగదోపుకుని అందులోకి దిగారు. పక్కనే నేనూ కాలు పెట్టి, కెవ్వుమని ఇవతలికి దూకేశాను.

ఆయన మాత్రం కళ్ళు మూసుకుని నిలబడిపోయారు. చుట్టూ జనం మూగారు. ఆయన పెదాలు చలికి వణుకుతున్నాయి. నాన్నగారికి కంగారు పుట్టి, చాలండి మాస్టారూ, వచ్చెయ్యండి అని బతిమాలారు.

"ఆయ్... ఉండండి, ఇప్పుడే పోతోంది."

"ఏంటండీ పోయేది?"

"కాలండి. ముందు నొప్పి పోయింది... ఇప్పుడు కాలే లేదు" అన్నారు. ఆయన చెంపల మీద కన్నీళ్ళు. నవ్వుతూనే ఉన్నారు.

ఇంటికి వచ్చేసరికి మామ్మగారు నూతి దగ్గర సిద్ధంగా ఉన్నారు. చన్నీళ్ళు కాదు... వేణ్ణీళ్ళు కాచి ఉంచారు. తనే వంగి, చేపల వాసన కొడుతున్న ఆ పాదాలు పట్టుకుని చూసి, పొయ్యడం మొదలుపెట్టారు. ఆవిడ మడి ఆ పూటకి ఏమైందో నేను అడగలేదు.

ఆ అధ్యాయం పూర్తయింది. పుస్తకం వచ్చింది. రాజమండ్రి నుంచి ఒక పెద్దమనిషి అది చదివి వెతుక్కుంటూ వచ్చి, రష్యాలో ఎన్నేళ్ళున్నారండీ అని మాస్టారిని అడిగారు.

"లేదండి. సఖినేటిపల్లి రేవులో ఓ పూట ఉన్నాను" అన్నారు మాస్టారు... ఎంత గర్వంగానో.

ఇప్పుడు మాస్టారూ లేరు, మామ్మగారూ లేరు. ఆ మధ్య మనాలి వెళ్ళి మొదటిసారి నిజం మంచు చూశాను. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే, నేను గుప్పెడు తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు... ఇదేం మంచు అనిపించి ఏడుపొచ్చింది.

ఇప్పటి పిల్లలు ఫోనులో ఏ దేశం కావాలంటే ఆ దేశం చూసేస్తున్నారు. మంచిదే. కానీ చూడకుండానే ఒక దేశాన్ని అంతలా ప్రేమించడం వాళ్ళకి కుదురుతుందా అని...

మీకూ అలాంటి ఊరేదైనా ఉందా? ఉంటే చెప్పండి. ఆ అరుగు ఇప్పుడు లేదు గానీ... వినడానికి నేనున్నాను.