ఊపిరి పీల్చిన శవం

మా వదిన ఎర్రమ్మ ఏడవలేదు. మొగుడు పోయి నెలలు గడిచినా కంట తడి లేదన్న మాట పక్కనున్న కవిటి దాకా పాకింది. ఆమె నీళ్లబిందె దించుతుంటే ఏడవలేదేమని అడుగుతారు, చేపల గంప ఎత్తుతుంటే అడుగుతారు. ఎద్దుపుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. ఆమె మాత్రం పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని కొబ్బరితోటల మధ్య ఊళ్లు తిరిగి చేపలమ్ముతుంది, వస్తుంది, వండుతుంది, పడుకుంటుంది. మనిషి తిరుగుతోంది గానీ లోపల ఎవరూ లేరు. ఇలా ఉండేకన్నా గుండెలు బాదుకున్నా నయమని నాకే అనిపించేది.

ఆమె మొగుడు అసిరయ్య మా చిన్నన్న. కార్తీకంలో సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగొస్తుంటే కెరటం పడవను బోర్లా వేసింది. కూడా ఉన్నవాళ్లు ఈదుకుంటూ వచ్చారు. అన్న రాలేదు, శవమూ రాలేదు. శవం దొరక్కపోతే మావాళ్లలో ఎండుగడ్డితో బొమ్మ కట్టి, పోయినవాడి చొక్కా తొడిగి, దానికి నిప్పు పెడతారు. మా పెద్దన్న సింహాచలం ఆ పని చేసేద్దామన్నాడు. పెళ్లాం చివరిచూపు చూసి ఏడిస్తేగానీ నిప్పు పెట్టకూడదు. పెట్టకపోతే తమ్ముడు ఇటూ అటూ కాకుండా ఉండిపోతాడని వాడి బెంగ.

"గడ్డిని సూసి ఎలగ ఏడుత్తాను బావా?" అంది వదిన. ఆ తర్వాత పెద్దన్న ఎంత బతిమాలినా గంపెత్తుకుని వెళ్లిపోయేది.

రెండేళ్ల కిందట మా ఊరి ఒడ్డున ఒక సినిమా తీశారు. హత్య కథ. ఎవరు చంపారో ఆఖరిదాకా తెలియదట. కెరటాలకు కొట్టుకొచ్చిన శవంలా పడుకోవడానికి ఓ మనిషి కావాలన్నారు. సముద్రం మీద బతికేవాడు ఎవడు ఒప్పుకుంటాడు? మా చిన్నన్న ఒప్పుకున్నాడు. వాడికి భయమూ లేదు, బుద్ధీ లేదు. సచ్చినోడికి పనేటుంటాది, పడుకోడమే గదా అని నవ్వాడు. ఆ సాయంత్రం వదిన పసుపునీళ్లు పోసిగానీ వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు ఊరంతా ఆ పడుకోవడమే వాణ్ణి తినేసిందంటోంది. కెరటానికి సినిమాలతో ఏం పని?

ఆ సినిమా మొన్న కాశీబుగ్గ సినిమాహాలుకు వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికెళ్తూ పోస్టరు చూశాను. వదినకు చెప్పేసి, ఎందుకు చెప్పానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె గంప కింద పెట్టి, అందులో అన్నను శవంలా చూపిస్తారా అని అడిగింది. చూపిస్తారన్నాను.

"నన్ను తీసుకెళ్లు బేబీ. సూత్తే ఏడుపొత్తాదేమో," అంది.

మ్యాట్నీకి వెళ్లాం. తెర మీద మొదట సముద్రం, తర్వాత ఇసుక, ఆ ఇసుకలో మా అన్న. తడిసిన చొక్కా, మూసిన కళ్లు, చెంపకంటిన ఇసుక. వదిన రెప్ప వేయలేదు. అంతలో ముందు వరసలో ఎవడో, శవం ఊపిరి పీలుత్తంది రా అన్నాడు. నిజమే. చొక్కా కింద కడుపు లేస్తోంది, దిగుతోంది. తీసినవాళ్లకు కనబడలేదో, చూసేవాళ్లకు కళ్లుండవనుకున్నారో! హాలంతా గొల్లున నవ్వింది.

"ఆడు సావలేదు. ఆఖర్న లెగుతాడు, సూడండి," అని వాడు తీర్పు కూడా చెప్పేశాడు.

ఇక హాలుకు వేరే కథ అక్కర్లేకపోయింది. పోలీసు ఎవరెవర్నో అనుమానించాడు, ఎవరికీ పట్టలేదు. ముసుగు తీస్తే హంతకుడు డాక్టరని తేలింది. ఉలిక్కిపడాల్సిన చోట నా పక్కనామె ఆవలించింది. ఇంటర్వెల్లో సమోసాలు తింటూనే హంతకుడు ఆ డాక్టరేనని అందరూ కనిపెట్టేశారు. జరిగిందంతా గుర్తు చేస్తూ చివర్లో మళ్లీ అన్నను చూపించారు. మళ్లీ కడుపు కదిలింది. లెగు బాబూ అని కేకలేశారు, చప్పట్లు కొట్టారు. వదిన కుర్చీ అంచుకు జరిగి నా చెయ్యి పట్టుకుంది. నేనూ సిగ్గు లేకుండా వాడు లేస్తాడనే చూశాను.

లేవలేదు. పేర్లు పడ్డాయి. పేర్లయ్యాకైనా లేస్తాడేమోనని కొందరు నిలబడి చూసి, తెర తెల్లబడ్డాక తిట్టుకుంటూ పోయారు. వదిన కూర్చునే ఉంది. హాలు ఊడ్చే మనిషి వచ్చి చెబితేగానీ కదల్లేదు.

అప్పుడూ ఏడవలేదు. ఆటోలో సగం దూరం వచ్చాక నా వైపు తిరిగింది.

"ఊపిరుండి కూడా లెగనేదు బేబీ."

ఊరి మలుపు తిరిగాక, "బావకి సెప్పు, గడ్డిబొమ్మ కట్టమను," అంది.

పెద్దన్న బొమ్మ కట్టి ఇసుకలో పడుకోబెట్టాడు. చిన్నన్న గళ్లచొక్కా తొడిగి, నిప్పు పట్టుకుని వదిన కోసం ఆగాడు. ఆమె బొమ్మ పక్కన కూర్చుని కడుపు మీదే చూపు నిలిపింది. గాలికి చొక్కా లేచింది. రెండు చేతులతో దాన్ని గడ్డికి అదిమిపట్టి చాలాసేపు చూసింది. చేతుల కింద ఏమీ కదల్లేదు. అప్పుడు ఏడ్చింది.