తొట్టికి రంగు వెయ్యను

ఊళ్లోని నెరిసిన తలల్ని ఏళ్ల తరబడి నల్లబరుస్తున్న సెలూన్ యజమానికి ఇంట్లో ఒక చేపల గాజుతొట్టి ఉంది. అందులో ఎర్ర మొక్కలు నాటాడు, ఎరువు వేశాడు, బొగ్గుపులుసు వాయువు సిలిండరు కూడా తగిలించాడు. అయినా పాత లైటు చాలక అవి రోజురోజుకూ పచ్చబడి ఆయన పరువు తీస్తున్నాయి.

అక్వేరియం షాపు నడిపే బావమరిది గులాబీ లైటు తెచ్చి వెలిగించాడు. మొక్కలు తక్షణం ఎర్రబడ్డాయి. చేపలూ, గోడా, బావమరిది ముక్కూ కూడా ఎర్రబడ్డాయి.

"చూశావా బావా, ఎలా మెరిసిపోతున్నాయో!"

"తియ్యరా దాన్ని! పగలంతా రంగులేసేది చాలక ఇంటికొచ్చి మొక్కలక్కూడా వెయ్యాలా? గట్టి తెల్ల లైటు పట్రా."

"నాచు పట్టి చస్తుంది బావా, నా మాట విను."

ఆయన వినలేదు. నాచు పట్టింది. భార్య తమ్ముడి పక్షం చేరింది. అయినా ఆయన లొంగలేదు. లైటును జానెడు పైకి కట్టి, వెలిగే గంటలు తగ్గించి, రోజూ గాజు గీకుతూ ధర్మయుద్ధం సాగించాడు.

చివరికి ఒక చిగురు ఆ తెల్లటి వెలుగులోనే నిక్షేపంగా ఎర్రగా విప్పుకుంది.

"ఇంతా చేసి ఒక్క ఆకేనా!" అన్నాడు బావమరిది.

"ఒక్కటైతేనేం, సొంత రంగు" అన్నాడాయన, బావమరిది తలమీద తాను వేసిన నలుపును తేరిపార చూస్తూ.