మూత లోపలి నెలవంక

గీత కంటబడితే అద్దాల మేస్త్రీ చెయ్యి ఊరుకోదు. నలభై ఏళ్లపాటు కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో, కిటికీ పక్కన, తిరిగే చక్రం ముందు కూర్చుని, గాజు మీద వెంట్రుకవాసి గీతనైనా మిగలనివ్వకుండా అరగదీసిన చెయ్యి అది. ఇంట్లో స్టీలు గ్లాసు మీద గీత పడినా దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని నిట్టూర్చేవాడు.

"ఇన్ని గీతలు ఓర్చుకోలేని మనిషి, నా మొహం మీది ముడతలెలా ఓర్చుకుంటున్నారో," అని భార్య ఎత్తిపొడిచేది.

"నిన్ను చక్రానికి పెట్టే ఉపాయం దొరక్క," అని ఆయన బదులిచ్చేవాడు.

ఈ సరసం ముప్పయ్యేళ్లు నిరాటంకంగా నడిచింది. మూడేళ్ల కిందట ఆగిపోయింది. అది ఆగిపోవడానికి కారణం మేస్త్రీ పోగుచేసిన ముప్పై ఎనిమిది చేతిగడియారాలు.

అవన్నీ కీ ఇచ్చుకునే పాతకాలపు గడియారాలు. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ల ముంజేతుల మీద కనిపెట్టి, బతిమాలి, బామాలి, ఒక్కొక్కటిగా సంపాదించాడు. సంపాదించినదాన్ని నేరుగా ఇంటికి తెచ్చేవాడు కాదు. ముందు దుకాణం వెనకగదిలో నమ్దా అనే ఒత్తు ఉన్నిగుడ్డ చుట్టిన చక్రానికి ఎర్రపొడి అద్ది, చట్రానికీ వెనక మూతకూ ఉన్న గీతలన్నీ పోయేదాకా మెరుగుపెట్టేవాడు. మూత విప్పితే లోపలివైపు సూదిమొనతో గీకిన గుర్తులూ అంకెలూ కనిపించేవి. గడియారం బాగుచేసిన ప్రతివాడూ తన గుర్తునూ, నెలనూ, సంవత్సరాన్నీ అక్కడ గీకి పెట్టడం ఆ వృత్తిలో ఆనవాయితీ. ఆ సంగతి మేస్త్రీకి తెలియకపోలేదు. తెలిసినా, సున్నం వేసిన గోడ మీద బొగ్గురాతల్లాగే అవి ఆయన కంటికి తోచాయి. వాటినీ తుడిచేశాడు.

ఆయన మామగారు గడియారాలు బాగుచేసేవాడు. పెళ్లినాటికే ఆయన కాలం చేశాడు, దుకాణమూ మూతపడింది. అందుచేత మామా అల్లుళ్లు ఒకరినొకరు ఎరగరు. మేస్త్రీ మొదటి గడియారానికి మెరుగుపెట్టి తెచ్చి, మూత విప్పి భార్యకు చూపిస్తే, ఆమె ఒక్క క్షణం చూసి, "బాగుంది," అని లోపలికి వెళ్లిపోయింది. తరవాత మరెన్నడూ ఆయన గడియారాలు దాచే పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు. గడియారాలవాడి కూతురికి గడియారాలంటే మొహం మొత్తి ఉంటుందని ఆయన సరిపెట్టుకున్నాడు.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం లోలకం మాష్టారు వాళ్లింటికి వచ్చాడు. ఆయన చేతిపనులు నేర్పే బళ్లో పాఠాలు చెప్పి విరమించిన పెద్దమనిషి. నడుస్తుంటే తల అటూ ఇటూ ఊగడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. గడియారాల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. మేస్త్రీ పెట్టె తెరిచి, ఇరవయ్యారేళ్ల కష్టాన్ని ఆయన ముందు పరిచాడు. మాష్టారు ఒకటి తీశాడు, తిప్పి చూశాడు, మూత విప్పాడు, మూశాడు. మరొకటి తీశాడు. అయిదోది చూశాక భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, వీటికి ఎవరు చేశారీ గుండు?"

"నేనేనండీ. మొదట చూడాల్సింది, ఎంత అధ్వానంగా ఉండేవో."

"నా పుణ్యం బాగుండి అప్పుడు చూడలేదు, చూసుంటే ఇప్పుడు ఏడ్చేవాణ్ణి. ఇవి గడియారాలు కావయ్యా, జుట్టుకు రంగేసుకుని పళ్లు కట్టించుకున్న ముసలాళ్లు. ఒక్కడైనా తన వయసు చెప్పడు." మాష్టారు పెట్టెను నెమ్మదిగా ముందుకు నెట్టాడు. "పోనీ, మూత లోపల నెలవంక గుర్తున్నది ఒక్కటైనా మిగిల్చావా? ఈ ఊళ్లో ఆ చేతిపనికి సాటి లేదు."

మేస్త్రీకి ఆ నెలవంక జ్ఞాపకం ఉంది. ఒకటి కాదు, చాలా వాటిలో చూశాడు. జవాబు చెప్పబోతూ తల ఎత్తితే, గుమ్మంలో భార్య టీ గ్లాసులతో నిలబడి ఉంది. ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి, లోపలికి పోయింది. మాష్టారు వెళ్లాక ఆయన అడిగితే, ఒక్కటే ముక్క చెప్పింది: "మా నాన్న దుకాణం గుర్తు అది."

ఆ రోజునుంచి ఆమె ఆయనతో పోట్లాడనూ లేదు, అలగనూ లేదు. ఎత్తిపొడవడం మాత్రం మానేసింది. గ్లాసు వెలుతురుకెత్తి పట్టుకున్నా పలకరించేది కాదు. తిట్టిపోసినా బాగుండునని మేస్త్రీకి అనిపించేది. పెట్టె తెరిచినప్పుడల్లా ముప్పై ఎనిమిది మూతల్లోనూ తన మొహమే కనబడుతుంటే చూడలేక, నెల తిరక్కుండానే అన్నింటినీ ఒక వ్యాపారికి గంపగుత్తగా అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అయిదే అయిదు గళ్లున్న చిన్న పెట్టె చేయించాడు. ఎన్ని గీతలు పడ్డా మెరుగుపెట్టకూడదు. ముందు ముఖం కాదు, మూత లోపల చూడాలి. ఇచ్చేవాళ్లను ఎవరిది, ఎప్పటిది అని అడిగి తెలుసుకోవాలి. పెట్టెలో పెట్టి పూజించకుండా వంతులవారీగా చేతికి పెట్టుకోవాలి. ఇవన్నీ పాతికేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు తనకు తానే చెప్పుకుని తు.చ. తప్పకుండా పాటించాడు. మూడేళ్లలో నాలుగు గడియారాలు కూడాయి. నాలుగూ గీతలతో, సొట్టలతో, పసుపు తిరిగిన ముఖాలతో మహా బాగున్నాయి. లోలకం మాష్టారు చూసి, "ఇప్పుడు బుద్ధి వచ్చిందయ్యా," అని మెచ్చుకున్నాడు కూడా. కాని ఆ నాలుగింటిలో ఒక్కదానికీ నెలవంక లేదు. తక్కినవి ఉన్నా లేకపోయినా ఒక్కటే. ఒక్క నెలవంకను తెచ్చి భార్య చేతిలో పెట్టగలిగితే, తాను తుడిచేసినదానిలో రవ్వంతయినా తిరిగి ఇచ్చినట్టవుతుందనీ, ఆమె మునుపటిలా ఒక్క పుల్లవిరుపు మాటయినా అంటుందనీ ఆయన ఆశ. నెలవంక ఉన్న గడియారాల సొంతదారులేమో ఒక్కొక్కరే కాలం చేస్తున్నారు. వారి సొరుగుల్లోనివి పాతసామాను వాళ్ల బస్తాల్లోకి పోతున్నాయి.

చివరికి అలాంటిది మూడు వీధుల అవతలి దర్జీ ముంజేతి మీదే దొరికింది. సూదిలో దారం ఎక్కడం లేదని, దగ్గరి చూపుకు కళ్లజోడు కావాలని అతను దుకాణానికి వచ్చాడు. మేస్త్రీ అతని కళ్లు చూడవలసింది పోయి ముంజెయ్యి చూశాడు.

"మేస్త్రీ గారూ, కళ్లు పైన ఉన్నాయండీ," అన్నాడు దర్జీ.

"ఆ గడియారం ఒక్కసారి విప్పి ఇస్తారా?"

"ఇదా? మా నాన్నది. ఇది పెట్టుకున్నన్నాళ్లు నేను ఒక్క చొక్కా కూడా టైముకి ఇవ్వలేదు. మీకు కావాలంటే పట్టుకుపోండి, కళ్లజోడు మాత్రం మంచిది చెయ్యండి."

మేస్త్రీ మూత విప్పి కిటికీ దగ్గరకు పోయాడు. లోపల, మసకబారిన లోహం మీద, చిటికెన గోరంత నెలవంక; దాని కింద నెల, సంవత్సరం. నలభై రెండేళ్ల కిందటి తేదీ.

"మీ మామగారి దుకాణంలోనే బాగుచేయించాడు మా నాన్న," అన్నాడు దర్జీ వెనకనుంచి. "ఎప్పుడూ చెప్పేవాడు. ఆయన చేతులు టీ గ్లాసు కూడా పట్టుకోలేనంతగా వణికేవట. అంత సన్నపని ఎలా చేశాడో దేవుడికెరుక అనేవాడు."

మేస్త్రీ ఆ మాట విన్నాడు గాని తలకెక్కించుకోలేదు. దర్జీకి తన చేత్తో అద్దాలు అరగదీసి, మూడో రోజున కళ్లజోడు అప్పగించి, గడియారం జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

మధ్యాహ్నం. భార్య కిటికీ పక్కన కూర్చుని దిండు గలీబుకు అంచు కుడుతోంది. పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషి. సూది ఎడమచేతిలో చకచకా నడుస్తోంది. ఆయన మూత విప్పిన గడియారాన్ని ఆమె ఒళ్లో బట్ట మీద పెట్టాడు. మూడేళ్లుగా కూర్చుకున్న మాటలన్నీ ఆ నిమిషాన అడ్రసు లేకుండా పోయాయి.

ఆమె కళ్లజోడు సవరించుకుంది. చాలాసేపు చూసింది.

"ఎక్కడ దొరికింది?"

"దర్జీ దగ్గర. వాళ్ల నాన్నదట."

"బట్టతల, బొంగురుగొంతు. బండి వెళ్లిపోతుందని తొందరపెడుతూ గంటసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు."

"నీకెలా తెలుసు?"

"తెర వెనకనుంచి చూశాను."

"మీ నాన్న చేతిగుర్తు ఒక్కటైనా..." అని మేస్త్రీ మొదలుపెట్టాడు.

"ఇది నాన్న చెయ్యి కాదండీ."

తప్పుడు గుర్తును పట్టుకొచ్చానేమోనని వంగి మళ్లీ చూశాడు.

"నాన్న నెలవంక కుడివైపుకు తెరుచుకుని ఉంటుంది," అంది ఆమె, వేలు ఆనించకుండా చూపిస్తూ. "ఇది ఎడమవైపుకు. ఎడంచేత్తో గీస్తే ఇలాగే వస్తుంది. ఇది నాది."

మేస్త్రీ పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"ఆయనకు చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం రెండేళ్లు నడిచింది. ఎలా నడిచిందనుకున్నారు? తెర వెనక కూర్చుని నేను బాగుచేసేదాన్ని. ఆయన ముందు బల్ల దగ్గర కంటికి భూతద్దం తగిలించుకుని ఉత్తినే వంగి కూర్చునేవాడు, పాపం, మెడ నొప్పెట్టేదాకా. పదహారేళ్లు నాకు."

"నాతో ఒక్కసారైనా అనలేదేం?"

"ఎవరితోనూ అనొద్దన్నాడు. ఆడపిల్ల బాగుచేసిందంటే మర్నాడు ఒక్కడూ గుమ్మం తొక్కడని భయం. ఆయన పోయాక ఇంకెందుకులే అనుకున్నాను. తరవాత మీరు మొదటి గడియారం తెచ్చారు. మూత తీసి, 'చూడు, మొహం చూసుకోవచ్చు' అన్నారు." ఆమె సూదిని బట్టకు గుచ్చింది. "చూసుకున్నాను. మొహం ఒక్కటే కనబడింది."

మేస్త్రీ పీటను ఆమె దగ్గరకు జరుపుకున్నాడు.

"మూడేళ్ల కింద నాన్న దుకాణం గుర్తన్నావు. నీదని అప్పుడైనా చెప్పకపోయావా?"

"నాన్నదంటే మీకు బాధేసింది. నాదంటే నవ్వేవారేమోనని."

నవ్వేవాణ్ణి కాదు అనబోయి ఆయన ఆగాడు. ఆ మాట నిజమో కాదో ఆయనకే తెలియలేదు. పాత పెట్టెలోని మూతలు ఒక్కొక్కటిగా తలుచుకోవడానికి ప్రయత్నించాడు. నెలవంకలు రెండువైపులకూ తిరిగి ఉండడం ఆయన చూసే ఉన్నాడు. గీసినవాడు నిలకడలేని మనిషి కాబోలు అనుకుని చక్రం తిప్పాడు. కుడివైపువి ఎన్ని, ఎడమవైపువి ఎన్ని అంటే, ఇప్పుడు తల బద్దలుకొట్టుకున్నా జ్ఞాపకం రాదు.

"పెట్టెలో నీవి ఎన్ని ఉండేవి?" అని అడిగాడు, అడక్కుండా ఉండలేక.

"మూతలు విప్పింది మీరు. నన్నడుగుతారేం?"

ఆమె మూత బిగించి, కీ ఇచ్చి, గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. కీళ్లు వాచిన వేళ్లు గనక కీ తిప్పడానికే నాలుగుసార్లు ఆగవలసి వచ్చింది.

"రోజుకు ఎంత వెనకబడుతోంది?"

"రెండు నిమిషాలట."

"పదహారేళ్ల పిల్ల పని. ఫరవాలేదు," అంది ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు.

మేస్త్రీ ముందుకు వంగాడు. "ఇంకా వెతుకుతాను. ఊరంతా గాలించి అయినా సరే, నీవి ఎన్ని మిగిలి ఉంటే అన్నీ తెస్తాను."

"వద్దు. నాన్నవి దొరికితే తెండి. ఎడమవైపువి కనబడితే మూత బిగించి ఎవరిది వాళ్లకిచ్చెయ్యండి."

"అదేమిటి? నీవే కదా మొదట తేవాల్సింది."

"తెచ్చి ఏం చేస్తారు, గళ్లపెట్టెలో పెడతారు. ఎవరో ఒకరి చేతికి నడుస్తున్నాయిగా, నడవనివ్వండి."

"మరి ఇది?"

"ఇదీ అంతే. దర్జీకి ఇచ్చి రండి." ఆమె గడియారాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. "కళ్లజోడు మాత్రం వెనక్కి లాక్కోకండి, పాపం."

ఎన్నాళ్లకో వినబడిన ఎత్తిపొడుపు. ఆశపడినంత సంతోషం మాత్రం దానివల్ల కలగలేదు. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"నువ్వూ రాకూడదూ?"

"నేనొచ్చి ఏం చెప్పను?"

"బాగుచేసింది నువ్వని."

బట్టలోంచి సూది తీయబోయిన చెయ్యి ఆగింది. నలభై రెండేళ్లు నోట్లో దాచుకున్న మాటను వీధిలో, ఒక దర్జీ ముందు, ఎలా పెట్టడమా అని ఆమె ఆలోచిస్తున్నట్టు మేస్త్రీకి తోచింది. ఆమె గలీబును ఒకసారి మడిచింది, మళ్లీ విప్పింది.

"ఇవాళ వద్దు," అంది.

ఆయన ఒక్కడే బయలుదేరాడు. ఇంత మనసుపడి తీసుకున్నదాన్ని అప్పుడే ఎందుకు తిరిగిస్తున్నారని దర్జీ తప్పకుండా అడుగుతాడు. ఉన్నమాట చెప్పవలసింది ఆమె. అబద్ధం చెబితే ఆ పనిని మరోసారి తుడిచేసినట్టవుతుంది. మొదటి వీధి దాటాడు, రెండోదీ దాటాడు. గడియారం పిడికిట్లో వెచ్చబడింది; ఏం చెప్పాలో మాత్రం ఇంకా తేలలేదు.