ఆప్టో బదులు ఒక తీగ

మనవాళ్లు వలస వచ్చే బమ్రోలిలో మగ్గాల కార్డులు బాగుచేయడం నా పని. కార్డంటే మిషన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు. ఆమధ్య నా బల్ల మీదికి వచ్చిన ఒక కార్డు మా అక్క భర్త నడిపే మగ్గానిది. అందులో ఆప్టో కాలిపోయింది.

పుస్తకాల్లో దాన్ని ఫోటోకప్లర్ అంటారు. లోపల ఒకవైపు చిన్న దీపం, ఇంకోవైపు దాన్ని చూసే కన్ను. మధ్యలో తీగ ఉండదు, వెలుతురు ఒక్కటే దాటుతుంది. వెనకటి అత్తా అల్లుళ్లు తలుపు చాటు నుంచి మాట్లాడుకున్నట్టు, మాట చేరుతుంది కానీ మనుషులు ఎదురుపడరు. మోటారు వైపు పెద్ద కరెంటు అక్కడే ఆగిపోతుంది. మనిషి ముట్టుకునే బటన్ల వైపు చిన్న కరెంటే ఉంటుంది.

సరైన ఆప్టో తెప్పించడానికి రెండు రోజులు ఆగమన్నాను. మగ్గం యజమాని సేఠ్ ఆగలేదు. కార్డు తీసుకుపోయి వేరే మిస్త్రీతో ఆప్టో పీకించి, ఆ చోట తీగ ముక్క అతికించాడు. మగ్గం నడిచింది. ఆయనకు కావలసింది అదే.

కొత్త ఆప్టో పట్టుకుని కార్ఖానాకు వెళ్లాను. ఊరికే వేసిస్తానన్నాను.

“చల్తీ మషీన్ కో హాథ్ మత్ లగావ్” అన్నాడు సేఠ్.

నడుస్తున్న మిషన్‌ను ముట్టుకోవద్దట. పొద్దంతా దాన్ని ముట్టుకునేది మా బావ. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి పోతాడని గట్టిగానే అరిచాను. దున్నపోతు మీద వాన.

బావను పక్కకు పిలిచాను.

“బావా, ఆ స్టాప్ బటన్ ముట్టకు.”

“ముట్టకుంటె మిషన్ ఎట్ల ఆపాలె?”

“ఇంకో మగ్గం ఇయ్యమని అడుగు.”

“అడిగితె ఇంటికి పొమ్మంటడు. జర చూసుకుంట నడిపిస్త తియ్.”

ఏం చేయాలో తోచక, ముందు చేతి వెనకవైపు తాకించి చూడమని చెప్పాను. అరచేత్తో పట్టుకుంటే షాక్ కొట్టినప్పుడు వేళ్లు బిగుసుకుపోతాయి, వదలవు. ఇన్నేళ్లు నేర్చిన విద్యలోంచి నేను ఆయనకు ఇవ్వగలిగింది అంతే. సిగ్గేసింది. అంతకు మించి భయమేసింది.

ఆదివారం వాళ్లింట్లో అన్నానికి కూర్చున్నాం. అక్క రొట్టెలు కాలుస్తూ అడిగింది.

“మీ బావ మిషన్ కార్డు నీ దగ్గరికే వచ్చిందట గద. నువ్వు చూసినవంటె నాకు రంది లేదురా.”

నేను నోరు తెరిచేలోపే, “మంచిగ చేసిండు” అన్నాడు బావ.

అక్క సంతోషంగా నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. వద్దనలేకపోయాను.